ఇందూరు సీమలో మహిళా సభలు

మన వాఙ్మయమున సభాప్రసంగములకు కొదువ లేదు. బృహదారణ్యకోపనిషత్తున జనక మహారాజు సభలో యాజ్ఞవల్క్యుని నిలదీసి ప్రశ్నించిన గార్గి కలదు. మహాభారతమున సభాపర్వమందు కురువృద్ధుల నెదుట ధర్మసందేహ మడిగిన ద్రౌపది కలదు. గార్గి ప్రశ్నకు ఉత్తరము లభించినది. ద్రౌపది ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకొనిరి. ఈ ఇరువురును ప్రశ్నించుటలో ఎవరికిని తీసిపోయినవారు కారు. అయినను ఒక్క సంగతి గమనింపదగినది. ఆ సభలను కూర్చినవారు పురుషులు; అధ్యక్షాసనములపై నున్నవారు పురుషులు; ఏ విషయము చర్చింపవలయునో నిర్ణయించినవారును పురుషులే. స్త్రీ ఆ సభలలో మాటాడినది గాని, సభను తాను కూర్చలేదు.

తెలుగు స్త్రీలు తామే సభ కూర్చి, తామే అధ్యక్షత వహించి, తామే తీర్మానములు చేసికొనుట యనునది సుమారు నూరు, నూట ఇరువది యేండ్ల నాటి మాట. ఆ చరిత్రలో మన ఇందూరు సీమకును, అందు ముఖ్యముగా కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతములకును చెప్పుకొనదగిన స్థానము కలదు. నేడు గ్రామగ్రామమున మహిళా సంఘములు వెలసి, సేవకురాండ్రకు నాయకత్వ శిక్షణ సభలు జరుపవలయునన్న తలంపు బలపడుచున్న కాలమున ఈ పూర్వకథను ఒకమారు నెమరువేసికొనుట అవసరము.

తొలినాటి ప్రయత్నములు

కోస్తా జిల్లాలలో వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీలకొరకు ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించిరి. 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజము వెలసినది. దానిని స్థాపించినవారిలో ముఖ్యురాలు భండారు అచ్చమాంబగారు. ఈమె కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి సోదరి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథమును రచించిన విదుషి. పాఠశాలకు పోకయే, తమ్ముడు చదువుచుండగా చదువు నేర్చుకొన్న ఆమె 1905లో చిన్నవయసుననే పరమపదించినది. అయినను స్త్రీలు వారమున కొకనాడు ఒకచోట చేరి, పుస్తకము చదివి, మాటాడుకొనుట యను అలవాటు అట్టివారి వలననే తెలుగుదేశమున పాదుకొన్నది. ప్రతి సభకును వేరు ఇట్టి చిన్న కూడికయందే యున్నది.

సభలలో స్త్రీలు స్వచ్ఛంద సేవకురాండ్రుగా పనిచేయుటకు 1923 నాటి కాకినాడ కాంగ్రెసు ఒక చక్కని నిదర్శనము. ఆ మహాసభతోపాటు జరిగిన ప్రదర్శనశాల ద్వారమున కావలి యుండిన దుర్గాబాయి అను బాలిక, టిక్కెట్టు లేదను కారణమున జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక ఆపివేసినది. అప్పటికామెకు పదునాలుగేండ్లు. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన తరువాతనే ఆయనను లోనికి విడిచినది. ఆ బాలికయే పిమ్మట 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పినది. రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యురాలైనది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. ద్వారమున నిలుచుట చిన్నపని యని తలచువారు ఈ కథను మరువరాదు. నియమము అందరికిని ఒక్కటే యని నిలిచిన ఆ పట్టుదలలోనే నాయకత్వమునకు బీజమున్నది.

నిజాము రాష్ట్రమున పరిస్థితులు

నిజాము రాష్ట్రమున పరిస్థితులు వేరు. ప్రజలలో అధిక సంఖ్యాకులు తెలుగువారైనను రాజభాష ఉర్దూ. తెలుగు చదువునకు ఆదరువు తక్కువ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడి చీకటిలో దీపములైనవి. తెలంగాణమున ప్రజోద్యమము గ్రంథాలయ మందిరము నుండియే బయలుదేరినదను మాట అతిశయోక్తి కాదు.

1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధని ప్రాంగణమున సంఘసంస్కార సభ జరిగినది. అధ్యక్షుడు కార్వే పండితుడు. 1916లో స్త్రీలకై ప్రత్యేకముగ విశ్వవిద్యాలయమును స్థాపించిన మహనీయుడాయన. అట్టి సభలోనే అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా కొందరు కేకలు వేసి అడ్డుపడిరి. ఆ అవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. క్రమముగా అది నిజాము రాష్ట్రాంధ్ర మహాసభగా పెరిగినది. స్త్రీవిద్యకై పాటుపడిన పెద్దమనిషి అధ్యక్షుడుగా నున్న సభలో కూడ ప్రజల భాషకు చోటు దొరకక పోవుట చూడగా, మన సభను మనమే మన భాషలో జరుపుకొనవలయునన్న జ్ఞానము ఆనాటివారికి కలిగినది. ఈ పాఠమును మహిళలును గ్రహించిరి.

ఆ రోజులలో సభ జరుపుట నేటివలె సులభము గాదు. గస్తీ నిషాన్ 53 అని ప్రసిద్ధమైన ప్రభుత్వపుటుత్తరువు ననుసరించి ముందుగా అనుమతి లేనిదే సభ చేయరాదు. అనుమతి కొరకు అర్జీలు పెట్టుకొని, అధికారుల చుట్టు తిరిగి, వారి షరతుల కొప్పుకొనవలసి యుండెను. ఇన్ని కట్టుబాట్ల నడుమ 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. దానితోపాటే మహిళాసభయు జరిగినది. నడింపల్లి సుందరమ్మగారు దానికి అధ్యక్షత వహించిరి.

ఆనాటి నుండి మహాసభ ఎక్కడ జరిగిన అక్కడ మహిళాసభయు జరుగుట ఆచారమైనది. 1931లో దేవరకొండయందు టి. వరలక్ష్మమ్మగారు, 1934లో ఖమ్మమున ఎల్లాప్రగడ సీతాకుమారిగారు, 1935లో సిరిసిల్లయందు మాడపాటి మాణిక్యమ్మగారు, 1936లో షాద్‌నగరున బూర్గుల అనంతలక్ష్మీదేవిగారు అధ్యక్షురాండ్రుగా నుండిరి. 1937లో ఆరవ మహాసభకు మన నిజామాబాదు వేదికయైనది. మహాసభకు ‘రయ్యతు’ పత్రికా సంపాదకులు మందుముల నరసింగరావుగారు, మహిళాసభకు నందగిరి ఇందిరాదేవిగారు అధ్యక్షత వహించిరి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆనాడు నిజామాబాదు జిల్లాలోని తాలూకాలు. అందుచేత ఇది మన ఇంటి ముంగిట జరిగిన సభయే యని చెప్పుకొనవచ్చును.

సభలో చర్చించిన విషయములు

ఆ మహిళాసభలు మరల మరల చర్చకు తెచ్చిన విషయములు ఇవి: బాలికలకు తెలుగున విద్య, బాల్యవివాహముల నిషేధము, వితంతువుల పునర్వివాహము, ఘోషా నివారణము, స్త్రీలకు ఆస్తిహక్కు. నేటివారికి ఇవి సాధారణములుగ తోచవచ్చును. కాని ఆ కాలపు స్థితిని తలచుకొనవలయును. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము వచ్చినను అది నిజాము రాష్ట్రమునకు వర్తింపదు. సామాన్య ప్రజలకు వోటుహక్కు లేదు. తీర్మానము చేసి ప్రభుత్వమునకు పంపుట తప్ప సభవారి చేతిలో వేరు సాధనము లేదు.

అయినను ఆ తీర్మానములు వ్యర్థములైనవా? లెక్క చూతము. 1930 దశకమున అడిగిన ఆస్తిహక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో కొంత లభించినది. పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగ మిచ్చుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1985లో ఆ చట్టమును సవరించినది. అదే నియమము 2005లో దేశమంతటికిని వచ్చినది. అడిగిన నాటికిని అందిన నాటికిని నడుమ ఇరువది యేండ్లు ఒకచోట, ఏబది యేండ్లు మరియొకచోట, డెబ్బది యేండ్లు వేరొకచోట గడచినవి. పందిరి విప్పిన నాడే సభ ముగిసినదని తలచినచో ఈ ఫలములు చేతికి రాకుండెడివి. ఒక తరము అడిగినదానిని మరియొక తరము జ్ఞాపకముంచుకొని అడుగుట వలననే అవి లభించినవి.

సభలు మాటలతోనే ఆగిపోలేదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పిరి. 1935లో అచ్చటనే ఆంధ్ర యువతీ మండలి ఏర్పడినది. సీతాకుమారి, ఇందిరాదేవి మున్నగు విదుషీమణులు దానికి అండగా నిలిచిరి. సభ ఏడాదికొక మారు. మండలి ఏడాది పొడవున. ఈ రెండును కలిసినపుడే ఫలితము. మండలి లేని సభ మూన్నాళ్ళ ముచ్చట. సభ లేని మండలి నాలుగు గోడల నడుమ నిలిచిపోవును.

సభా నిర్వహణము

ఆనాటి సభల నిర్వహణ పద్ధతి నేటివారు తెలిసికొనదగినది. మొదట ఆహ్వాన సంఘ మేర్పడును. అది స్థలము, భోజనము, వసతి, పందిరి, చందాలు, లెక్కలు చూచుకొనును. ప్రతినిధులను ఆయా తాలూకాల వారు పంపుదురు. బహిరంగ సభకు ముందు విషయ నిర్ణయ సభ కూడును. ఏ తీర్మానము రావలయును, దాని మాటలు ఎట్లుండవలయును, ఎవరు ప్రతిపాదింతురు, ఎవరు బలపరతురు అనునది అచ్చట తేలును. నిజమైన వాదోపవాదము అచ్చటనే. బహిరంగ సభలో చప్పట్లు మ్రోగవచ్చును గాని, విషయ నిర్ణయ సభలో కూర్చుండి ఒక్కొక్క మాటను తూచుట నేర్చినవారే నాయకులగుదురు.

ఈ క్రమములో స్త్రీలకు లభించిన శిక్షణ ఎట్టిదో యోచింపుడు. ఘోషా విడిచి వేదిక యెక్కుట ఒక పాఠము. ఎదుటివారి మాట ముగియువరకు వేచియుండుట ఒక పాఠము. తనకు నచ్చని తీర్మానము నెగ్గినపుడు దాని ననుసరించుట ఇంకొక పాఠము. వసూలైన చందాకు పైసతో సహా లెక్క చెప్పుట అన్నిటికంటె పెద్ద పాఠము. నాయకత్వమునకు ఇంతకుమించిన పాఠశాల ఏది? నాయకత్వమును గూర్చి ఉపన్యాసము వినుట వేరు, నాయకత్వపు బరువు మోయుట వేరు. ఈత గట్టుపై కూర్చుండి నేర్చుకొనునది కాదు గదా!

ఈ సీమ ఎన్నుకొన్న నాయకురాండ్రు

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. 1952లో వయోజనులందరికిని వోటు లభించి తొలి సాధారణ ఎన్నికలు జరిగినవి. ఇక్కడ మన సీమ చేసిన పని చరిత్రలో అపూర్వము.

1952లో బాన్సువాడ ప్రజలు సంగెము లక్ష్మీబాయిగారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. ఆమె గుంటూరు శారదా నికేతనమున చదివి, ఉప్పు సత్యాగ్రహమున జైలుకేగిన దేశసేవిక. అనాథ బాలికలకై ఇందిరా సేవాసదనమును నెలకొల్పినది. విద్యాశాఖ ఉపమంత్రిగ పనిచేసినది. 1957లో అదే బాన్సువాడ ఎల్లాప్రగడ సీతాకుమారిగారిని ఎన్నుకొన్నది. 1934లో ఖమ్మమున మహిళాసభకు అధ్యక్షత వహించిన సీతాకుమారిగారే ఈమె. వోటు లేని రోజులలో తీర్మానములు చేసిన వేదిక నుండి, వోటుతో శాసనములు చేయు మందిరమునకు ఇరువది మూడేండ్లలో ఆమె నడచిన త్రోవ ఇది.

1962లో ఎల్లారెడ్డి నుండి టి. ఎన్. సదాలక్ష్మిగారు ఎన్నికైరి. దళిత కుటుంబమున పుట్టి, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగను, దేవాదాయ శాఖకు మంత్రిగను పనిచేసిన ధీరురాలామె. ఒకనాడు ఏ దేవాలయముల గడప తమవారిని త్రొక్కనీయలేదో ఆ దేవాలయముల వ్యవహారములను చూచు శాఖ ఆమె చేతికి వచ్చినది. 1967లో ఎల్లారెడ్డిలో ఆమెకు ప్రత్యర్థిగ నిలిచి గెలిచినవారు రిపబ్లికను పార్టీకి చెందిన జె. ఈశ్వరీబాయిగారు. ఈమెయు దళిత మహిళయే. 1918లో సికిందరాబాదు చిలకలగూడలో పుట్టి, ఉపాధ్యాయినిగ జీవితము ప్రారంభించి, మునిసిపాలిటీ సభ్యత్వముతో రాజకీయములలో అడుగిడిన ఈశ్వరీబాయిగారు శాసనసభలో నిర్భయముగ ప్రశ్నించు సభ్యురాలని పేరుగాంచిరి. 1972లో మరల ఎల్లారెడ్డి ప్రజలు ఆమెనే గెలిపించిరి. 1969 నాటి ప్రత్యేక తెలంగాణోద్యమమున ఈ ఇరువురును పాల్గొనిరి.

లెక్క కూడి చూచిన 1952 నుండి 1978 ఎన్నికల వరకు, ఇరువదియారేండ్లపాటు, బాన్సువాడయో ఎల్లారెడ్డియో ఏదో ఒకటి స్త్రీని శాసనసభకు పంపుచునే యున్నది. స్త్రీలకు ప్రత్యేక స్థానములు కేటాయించు శాసనము అప్పటికి లేదు. ఏ నిర్బంధమును లేకయే ఈ సీమ ప్రజలు ఇట్లు చేసిరి. ఇది మన పెద్దలు మనకు విడిచిపోయిన ఆస్తి.

అయితే ఆస్తిని లెక్కించునపుడు అప్పునుకూడ లెక్కింపవలయును. ఈ నలువురు మహనీయురాండ్రును హైదరాబాదు, సికిందరాబాదు నగరముల ప్రజాజీవితమున పేరొంది మన ప్రాంతమునకు వచ్చినవారు. మహిళాసభల తొలి అధ్యక్షురాండ్రలోను విద్యావంతులైన పట్టణ కుటుంబముల వారే హెచ్చు. మన సీమ నాయకురాండ్రను గౌరవించుట నేర్చినది, ఎన్నుకొనుట నేర్చినది. వరి నాటుచు, బీడీలు చుట్టుచు, పసుపు త్రవ్వుచు జీవించు పల్లెటూరి స్త్రీ నుండి నాయకురాలిని తయారుచేయు పని మాత్రము అప్పటికి మిగిలిపోయినది. గ్రామ మహిళా సేవాసంఘములకు నాయకత్వ సభలు కావలయుననుట ఈ మిగిలిన పనిని పూర్తిచేయుటకే.

పల్లెటూరి సంఘములు

ఆ పనికి దారి మెల్లగ తెరచుకొన్నది. 1952లో సమాజ వికాస పథకము, 1953లో సాంఘిక సంక్షేమ మండలి వచ్చి, పల్లెలలో మహిళా మండలుల స్థాపనకు ప్రోత్సాహ మిచ్చినవి. 1982లో గ్రామీణ మహిళా శిశు అభివృద్ధి పథకము, అనగా ప్రజలు డ్వాక్రా యని పిలుచునది, ప్రారంభమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిపాఠశాలలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతట ప్రాకినది. చదువు, కూడిక, ప్రశ్న – ఈ మూడును కలిసిన యెడల ఏమి జరుగునో ఆ గ్రామము చూపినది.

తరువాత పొదుపు సంఘములు ఊరూర వ్యాపించినవి. పది, పదునైదుగురు స్త్రీలు ఒక సంఘము. ఊరిలోని సంఘము లన్నియు కలిసి గ్రామసంఘము. గ్రామసంఘములు కలిసి మండల సమాఖ్య. మండల సమాఖ్యలు కలిసి జిల్లా సమాఖ్య. వీనికి పంచసూత్రములని ఐదు నియమములు కలవు: క్రమముగ సమావేశము, క్రమముగ పొదుపు, సంఘములో అప్పు ఇచ్చిపుచ్చుకొనుట, సకాలమున తిరిగి చెల్లింపు, పుస్తకముల నిర్వహణము. చిత్రమేమన, ఈ ఐదింటిలో మొదటిది సమావేశము, చివరిది లెక్కలు. జోగిపేట నుండి నిజామాబాదు వరకు జరిగిన సభలు నేర్పిన పాఠములే ఇవి.

ఇంతలో రాజ్యాంగ మార్గమునను ద్వారము తెరచుకొన్నది. 1959లో పంచాయతీరాజ్ విధానము ఆంధ్రప్రదేశ్‌లో షాద్‌నగరున ప్రారంభమైనది. అదే ఊర 1936లో మహిళాసభ జరిగియుండెనని ఎంతమందికి గుర్తున్నదో! 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము స్థానిక సంస్థలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించినది. తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టము సగము స్థానములను స్త్రీల కిచ్చినది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాయై, కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడలు దానికి రెవెన్యూ విభాగములైనవి. 2023లో 106వ రాజ్యాంగ సవరణము శాసనసభలలోను, లోకసభలోను స్త్రీలకు మూడవవంతు స్థానములను విధించినది. జనగణనము, నియోజకవర్గముల పునర్విభజనము జరిగిన తరువాత అది అమలు కావలయునని అందే చెప్పబడినది.

కావున నేడు స్త్రీలకు ఆసనము లభించుట సమస్య గాదు. ఆసనముపై కూర్చుండువారు తామే నిర్ణయము చేయుదురా యనునదియే సమస్య. సర్పంచి పేరు భార్యది, పెత్తనము భర్తది యగుట పలుచోట్ల కనబడుచున్న సంగతియే. గ్రామసభలో ఆమె కుర్చీలో ఆయన కూర్చుండును. ఆమె సంతకము మాత్రము చేయును. పొదుపు సంఘమునందు నూరు రూపాయల తేడాను నిమిషములో పట్టుకొను స్త్రీ, పంచాయతీ లెక్క వచ్చునప్పటికి నోరు మెదపదు. ఆమెకు తెలివి లేదా? ఉన్నది. అలవాటు లేదు. అడుగుట అలవాటు కావలయును. ఆ అలవాటు కలిగింపని సభ ఎంత వైభవముగ జరిగినను పెండ్లికూతురు లేని పెండ్లి వంటిది.

ఎట్టి సభ కావలయును?

చరిత్ర చెప్పుచున్నదానిని బట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో గ్రామ సేవకురాండ్రకు జరుపు నాయకత్వ సభ ఎట్లుండవలయునో ఊహించుట కష్టము గాదు.

మొదటిది, సభను వారే కూర్చవలయును. ఆహ్వాన సంఘము వారిది, పందిరి వారిది, లెక్క పుస్తకము వారిది. పట్టణము నుండి వచ్చిన వక్తలు మాటాడి పోవుదురు. సభను నిర్వహించినవారు మాత్రమే నేర్చుకొందురు. రెండవది, దినమును వారి పనినిబట్టి నిర్ణయింపవలయును. నాట్ల కాలమున, కోతల కాలమున సభ పెట్టిన యెడల వచ్చువారుండరు. బీడీలు చుట్టు స్త్రీకి చుట్టిన బీడీల లెక్కననుసరించియే కూలి. ఒక దినము పోయిన ఆ దినపు కూలి పోయినట్లే. కామారెడ్డికి రైలున్నది, ఎల్లారెడ్డి వైపు వారికి బస్సే గతి. చీకటి పడకముందే ఇల్లు చేరునట్లు వేళ నిర్ణయించుటయు నిర్వాహకుల బాధ్యతయే. చంటిబిడ్డల తల్లులకు బిడ్డలను చూచు ఏర్పాటు లేని సభ వారిని రావలదని చెప్పినట్లే యగును.

మూడవది, విషయ నిర్ణయ సభను మరల ఉద్ధరింపవలయును. ముందురోజు ప్రతినిధులు కూర్చుండి తమ ఊరి సమస్యలు చెప్పుకొని, వానిలో ఐదింటినో ఆరింటినో ఏరి, తమ మాటలలో తీర్మానములుగ వ్రాసికొనవలయును. వ్రాయుట రానివారు చెప్పవలయును. వచ్చినవారు వ్రాసి, చదివి వినిపింపవలయును. నాలుగవది, వెనుక వరుసవారికి ముందు చోటు. తొలి మహాసభలలో పల్లె కూలిస్త్రీకి వేదిక దొరకలేదు. ఆ లోటును సదాలక్ష్మి, ఈశ్వరీబాయిగార్లను గెలిపించిన ఎల్లారెడ్డి తీర్పక మరెవరు తీర్తురు?

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది – తీర్మానముల పుస్తకము. ప్రతి తీర్మానమునకు ఎదుట అది ఎవరికి పంపబడినది, ఏ తేదీన పంపబడినది, ప్రత్యుత్తర మేమి వచ్చినది, రానియెడల మరల ఎవరు అడుగవలయును అనునది వ్రాసియుంచవలయును. మరుసటి సభ ఆ పుస్తకమును చదువుటతో ఆరంభము కావలయును. ఆస్తిహక్కు వచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టినది. జ్ఞాపకముంచుకొన్నవారుండుట చేతనే వచ్చినది.

గ్రంథాలయము చేయదగిన పని

ఇట్టి పుస్తకమును భద్రపరచుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. సంఘపు నాయకురాలు మారును, అధికారులు బదిలీ యగుదురు, ఇంటిలోని కాగితము చెదలు పట్టును. గ్రంథాలయపు బీరువా నిలుచును. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ పత్రికలను, గ్రంథములను కాపాడినది. ఇకమీదట మన ఊరి మహిళాసంఘముల తీర్మానములను, గ్రామసభ నిర్ణయముల నకళ్లను కూడ అట్లే కాపాడిన యెడల అది గొప్ప సేవ. వారమున కొక సాయంకాలము స్త్రీలకే ప్రత్యేకించి, పత్రిక చదివి వినిపించి, పంచాయతీ చట్టములోని ఒక్కొక్క నియమమును తేట తెలుగున చెప్పు ఏర్పాటు చేసినయెడల 1902 నాటి బృందావన సమాజము మన ఊర మరల వెలసినట్లగును. దీనికి ధనము అక్కరలేదు. ఒక దీపము, ఒక చాప, చదువగల ఒక అమ్మాయి చాలును.

చందాదారులైన పురుషులకును ఒక మనవి. ఇంటిలోని స్త్రీ సభకు పోవలయునన్న నాడు వంటపని, పసివారి పని ఎవరు చూచుకొందురను ప్రశ్న లేచును. ఆ ప్రశ్నకు ఆ దినము ఇంటి పురుషుడే సమాధానము కావలయును. గస్తీ నిషాన్ 53 ఏనాడో పోయినది. ఇంటి గడపకడ అనుమతి అడుగవలసిన అవసరము కూడ పోయిననాడే స్త్రీల సభ నిజముగ స్వతంత్రమైనదగును.

1937లో నిజామాబాదున ఇందిరాదేవిగారు అధ్యక్షపీఠమున కూర్చున్ననాడు ఆమె ఎదుటనున్న స్త్రీలలో ఒక్కరికిని వోటు లేదు. నేడు వారి మనుమరాండ్రకు వోటున్నది, ఆస్తిలో భాగమున్నది, పంచాయతీలో సగము ఆసనములున్నవి. ఇక కావలసినది ఆ ఆసనమున తాము కూర్చుండి తమ ప్రశ్న తాము అడుగుట. అది నేర్పు సభ మన కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో జరిగి, దాని తీర్మానముల పుస్తకము మన గ్రంథాలయపు బీరువాలో చేరుగాక.